ఇంట్లో దాచిన జబ్బు: ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి

అందరికీ నమస్కారం. వంశపారంపర్యంగా వచ్చే జబ్బులున్న కుటుంబాలతో మాట్లాడటం నా పని. ఆసుపత్రుల్లో దీన్ని జెనెటిక్ కౌన్సెలింగ్ అంటారు. మందులు రాసేది డాక్టర్లు, పరీక్షలు చేసేది ల్యాబ్ వాళ్లు. నేను ఆ కుటుంబం ఎదురుగా కూర్చుని మాట్లాడతాను. నిజానికి మాట్లాడేదానికంటే వినేదే ఎక్కువ.

ఈ సాయంత్రం చాలా జబ్బుల గురించి కొంచెం కొంచెం చెప్పడం కన్నా, ఒకే జబ్బును తీసుకుని దాని చుట్టూ మాట్లాడతాను. దాని పేరు హంటింగ్టన్ జబ్బు. మీలో చాలామంది ఈ పేరు విని ఉండకపోవచ్చు. యూరప్ సంతతి వాళ్లలో లక్షమందికి పదిమంది దాకా ఉంటారు, ఆసియాలో అంతకంటే తక్కువ. మన దేశంలోనూ ఉంది, మన తెలుగు ఇళ్లలోనూ ఉంది. అరుదైన జబ్బే అయినా దీన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, ఇంట్లో ఒక రహస్యం ఎలా మొదలవుతుందో, అది తరం నుంచి తరానికి ఎలా చేరుతుందో, ఎవరి మీద ఎక్కువ బరువు పడుతుందో ఈ జబ్బున్న ఇళ్లలో చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు జబ్బు సంగతి. మన నాలుగో క్రోమోజోమ్ మీద ఒక జన్యువు ఉంది. అది హంటింగ్టిన్ అనే ప్రోటీన్ తయారవడానికి కావాలి. ఇక్కడ కూర్చున్న మనందరిలోనూ ఉంది. అందులో జన్యు భాషలోని సీ, ఏ, జీ అనే మూడు అక్షరాల ముక్క వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది. సాధారణంగా 26 సార్లు, లేదా అంతకన్నా తక్కువ. కొందరిలో ఆ వరస పొడుగవుతుంది. 36 నుంచి 39 మధ్య ఉంటే జబ్బు రావచ్చు, రాకపోవచ్చు. 40 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే, ఆ మనిషి నిండు నూరేళ్లు బతికితే జబ్బు వచ్చి తీరుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. బొమ్మా బొరుసూ వేసినట్టే. ఆడబిడ్డా మగబిడ్డా అన్న తేడా లేదు.

ఒక్కో బిడ్డకీ విడిగా వేస్తున్నట్టు లెక్క, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. "పెద్దవాడికి వచ్చింది కదా, ఇక చిన్నవాడికి రాదులెండి" అని ఇళ్లలో చెప్పుకుంటారు. అది నిజం కాదు. ఇంకో మాట కూడా వింటుంటాను. "వీడు అచ్చం వాళ్ల నాన్న పోలిక, వీడికే వస్తుంది." ఆ ముక్కు, ఆ నడక, ఆ కోపం నాన్నవే కాబట్టి జబ్బు కూడా వీడిదే అని ఇంటిల్లిపాదీ మనసులో రాసి పెట్టేసుకుంటారు. ఆ పిల్లవాడు చదువులో వెనకబడినా, చేయి జారి గ్లాసు కింద పడినా అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ముక్కు పోలికకీ ఈ జన్యువుకీ ఏ సంబంధమూ లేదు. నాన్న పోలిక లేని చెల్లెలికి రావచ్చు, ఈ పిల్లవాడు వందేళ్లు హాయిగా ఉండొచ్చు.

జబ్బు ఎక్కువగా 30 నుంచి 50 ఏళ్ల మధ్యలో బయటపడుతుంది. వేళ్లు, భుజాలు, ముఖం వాటంతట అవే కదులుతుంటాయి. నడక తూలుతుంది. చాలామందిలో అంతకు ముందే మనిషి తీరు మారుతుంది. కోపం, అనుమానం, దిగులు, ఏ పనీ మొదలుపెట్టలేకపోవడం. ఇరవై ఏళ్లుగా లెక్కలు చూసిన మనిషి చిన్న లెక్క దగ్గర ఆగిపోతాడు. తర్వాత పదిహేను, ఇరవై ఏళ్లలో మాట, మింగడం, నడక అన్నీ పోతాయి. పూర్తిగా నయం చేసే మందు ఈ రోజుకి లేదు. ఆ కదలికలు తగ్గించే మందులున్నాయి, దిగులుకి మందులున్నాయి. మింగడానికీ నడవడానికీ సాయం చేసే థెరపీలున్నాయి. 2025 సెప్టెంబర్‌లో ఒక జన్యు చికిత్స జబ్బు వేగాన్ని బాగా తగ్గించిందని ప్రకటించారు. అది చాలా కొద్దిమంది రోగుల మీద జరిగిన ప్రయోగం. ఆశ పెట్టుకోవచ్చు, కానీ రేపు ఉదయం మన ఊరి ఆసుపత్రికి వచ్చేస్తుందని ఎవరికీ చెప్పకండి.

చూడండి, వయసు దగ్గరే ఉంది అసలు ఇబ్బంది. ముప్పై అయిదేళ్లకో నలభైకో జబ్బు కనిపించేసరికి ఆ మనిషికి పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఇంటి మీద లోన్ ఉంది. ఇంట్లో పెద్దవాళ్లకి మాత్రం ఆ తీరు ముందే తెలుసు. అది తాతయ్యకి వచ్చింది, పెదనాన్నకి వచ్చింది. పేరు తెలియకపోవచ్చు, తీరు తెలుసు.

అప్పుడు ఇంట్లో ఏమంటారు? నేను విన్నవి చెప్తాను. "గాలి సోకింది." "తాగుడు ఎక్కువైంది." "పొలం తగాదాలో ఎవరో ఏదో చేయించారు." "నరాల వీక్‌నెస్." ఈ చివరిదైతే అన్నిటికీ పనికొస్తుంది. పక్కింటివాళ్లు ఇంకో ప్రశ్న అడగకుండా ఆపుతుంది.

ఇలా మాట దాటేయడం మన దగ్గరే ఉందనుకోకండి. ఈ జబ్బుకి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జ్ హంటింగ్టన్ అమెరికాలో లాంగ్ ఐలాండ్ మనిషి. ఆయన తండ్రీ తాతా అక్కడే డాక్టర్లు. చిన్నప్పుడు తండ్రితో బండిలో వెళ్తూ దారిలో ఇద్దరు ఆడవాళ్లను చూశాడు. తల్లీ కూతుళ్లు. ఇద్దరూ సన్నగా, పొడుగ్గా, ఒళ్లంతా మెలికలు తిరుగుతూ నడుస్తున్నారు. ఆ దృశ్యం ఆయన్ని వదల్లేదు. 1872లో, కొత్తగా డాక్టరైన కుర్రవాడిగా, తండ్రీ తాతా రాసి పెట్టుకున్న వివరాల సాయంతో ఒక చిన్న వ్యాసం రాశాడు. మూడు తరాల డాక్టర్లు అవే కుటుంబాలను చూశారు కాబట్టే అది వంశంలో ఎలా దిగుతుందో తేల్చి చెప్పగలిగాడు. ఆ వ్యాసంలోనే ఇంకొకటి రాశాడు. ఆ కుటుంబాల వాళ్లు ఈ జబ్బు మాట ఎత్తడానికే భయపడతారని, తప్పనిసరై ఎత్తినా "ఆ జబ్బు" అని మాత్రమే అంటారని. నూటయాభై ఏళ్లు దాటింది. మన ఇళ్లలోనూ అదే, "వాళ్లింట్లో ఆ జబ్బుంది" అని గొంతు తగ్గించి.

మన దగ్గర ఈ గొంతు తగ్గడానికి పెద్ద కారణం పెళ్లి సంబంధం. అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలంటారు కదా. ఆ చూడటంలో ఆస్తి, కులం, గోత్రం, జాతకం అన్నీ ఉంటాయి. "మీ ఇంట్లో ఎవరికైనా జబ్బులున్నాయా" అని ఎవరైనా అడిగితే అది అవమానం. ఒక అన్నకి జబ్బుందని తెలిస్తే మిగతా అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి, వాళ్ల పిల్లలకి కూడా సంబంధాలు రావు. అందుకే ఇంట్లో పెళ్లి కావాల్సిన ఆడపిల్ల ఉన్నన్నాళ్లూ ఎవరూ నోరు విప్పరు. ఆ పిల్ల పెళ్లయ్యేసరికి ఇంకో పిల్ల పెళ్లికి వస్తుంది. అలా ఎప్పటికీ చెప్పే సమయం రాదు.

ఇక్కడ మేనరికం మాట వస్తుంది, కాబట్టి చెప్పేస్తాను. "మాది మేనరికం కాదు, మాకు రాదు" అంటారు. సికిల్ సెల్, తలసీమియా లాంటి జబ్బులు వేరు. వాటిలో తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ లోపాన్ని మోస్తుంటేనే బిడ్డకి జబ్బు వచ్చే ప్రమాదం. మోసేవాళ్లు ఆరోగ్యంగానే ఉంటారు. మేనరికంలో ఇద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. 2023 జులైలో మొదలైన సికిల్ సెల్ మిషన్ కింద మన ఏజెన్సీ ప్రాంతాల్లోనూ పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. పెళ్లికి ముందు ఆ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం మంచి పద్ధతి. హంటింగ్టన్‌కి ఆ లెక్క పనిచేయదు. ఒక్కరికి ఉంటే చాలు. ఎంత దూరపు సంబంధం చేసుకున్నా తేడా ఉండదు.

ఇప్పుడు ఒక కుటుంబం గురించి చెప్తాను. వాళ్లంతట వాళ్లే లోకానికి చెప్పుకున్న కుటుంబం, అందుకే పేర్లతో చెప్తున్నాను.

అమెరికాలో మిల్టన్ వెక్స్‌లర్ అనే సైకో అనలిస్ట్, అంటే మాటలతో మనసుకి వైద్యం చేసే మనిషి, ఉండేవారు. భార్య లియొనోర్. ఆవిడ జీవశాస్త్రం చదువుకున్న మనిషి. ఇద్దరు కూతుళ్లు, ఆలిస్, నాన్సీ. లియొనోర్ తండ్రి ఈ జబ్బుతోనే పోయారు. 1950లో ఆవిడ ముగ్గురు అన్నలకీ ఇదే జబ్బని తేలింది. ఆ ఇంట్లో ఇది మగవాళ్లకే వచ్చేదని అనుకునేవారట. కూతుళ్లకి ఏమీ చెప్పలేదు. మామయ్యలు ఒకరి తర్వాత ఒకరు మంచం పడుతుంటే ఆ పిల్లలు ఏమనుకున్నారో మనం ఊహించుకోవాల్సిందే.

1968లో ఒక ఉదయం లియొనోర్ లాస్ ఏంజెలెస్‌లో వీధి దాటుతున్నారు. పొద్దున్నే అంత తాగి తిరగడానికి సిగ్గు లేదా అని ఒక పోలీసు ఆవిడ మీద కేకలేశాడు. ఆవిడ తాగలేదు. నడక తూలుతోంది, అంతే. డాక్టర్ దగ్గరికి వెళ్తే విషయం తేలింది. అప్పటికి ఆ దంపతులు విడిపోయి ఉన్నారు. అయినా మిల్టన్ కూతుళ్లిద్దరినీ కూర్చోబెట్టి అంతా చెప్పారు. మీ అమ్మకి ఈ జబ్బు ఉంది, మీలో ఒక్కొక్కరికీ సగం అవకాశం ఉంది అని. నాన్సీకి అప్పుడు ఇరవై మూడేళ్లు, ఆలిస్‌కి ఆమె కన్నా మూడేళ్లు ఎక్కువ. పిల్లల్ని కనకూడదని ఇద్దరూ అనుకున్నారు.

ఆ తర్వాత ఆ తండ్రి ఊరుకోలేదు. శాస్త్రవేత్తలను పిలిచి కూర్చోబెట్టారు, డబ్బు పోగుచేశారు, పరిశోధన మొదలుపెట్టించారు. అంతకు ముందు ఏడాదే, 1967లో, గాయకుడు వుడీ గుత్రీ ఇదే జబ్బుతో పోయారు. ఆయన తల్లిని పిచ్చి అని ఆసుపత్రిలో పెట్టారు. ఆయన్నేమో తాగుబోతు అనుకున్నారు. ఆయన మాజీ భార్య మార్జొరీ ఆ ఏడాదే ఈ జబ్బున్న కుటుంబాలను వెతికి ఒకచోట చేర్చడం మొదలుపెట్టారు.

నాన్సీ స్వయంగా పరిశోధనలోకి దిగారు. వెనిజులాలో మరకైబో సరస్సు ఒడ్డున కొన్ని పల్లెల్లో ఈ జబ్బు లోకంలో ఎక్కడా లేనంత ఎక్కువగా ఉంది. అమెరికో నెగ్రెట్టె అనే అక్కడి డాక్టరు 1950లలోనే దాన్ని గుర్తించి రాశారు. అంతకు ముందు ఊళ్లో జనం తాగి ఊగుతున్నారనుకునేవారు. 1979లో మొదలుపెట్టి నాన్సీ బృందం ఎన్నో ఏళ్లు అక్కడికి వెళ్లింది. పద్దెనిమిది వేల మందికి పైగా మనుషులున్న వంశవృక్షం గీశారు. నాలుగు వేలకి పైగా రక్తం నమూనాలు తీసుకున్నారు. మొదట్లో అక్కడి వాళ్లకి నమ్మకం లేదు. బాగా డబ్బున్న దేశం నుంచి వచ్చిన ఈ మనిషికి మా జబ్బుతో ఏం పని అనుకున్నారు. తన తల్లికీ ఇదే జబ్బని, పరీక్ష కోసం తన చర్మం కూడా కోసి ఇచ్చానని నాన్సీ చెప్పారు. ఒక నర్సు ఆమె చేయి పట్టుకుని ఆ మచ్చను అందరికీ చూపించింది. ఆ తర్వాతే జనం ముందుకొచ్చారు. ఒక పెద్ద డిగ్రీ చేయలేని పని ఆ మచ్చ చేసింది.

1983లో జేమ్స్ గుసెల్లా అనే శాస్త్రవేత్త బృందం జన్యువు నాలుగో క్రోమోజోమ్ మీద ఉందని కనిపెట్టింది. జన్యువు ఖచ్చితంగా ఏదో తేలడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 1993లో దొరికింది. ఇప్పుడు కాస్త రక్తం ఇస్తే చాలు, లక్షణాలు రాకముందే చెప్పేయగలరు.

ఆ జన్యువు దొరకడానికి అంత పాటుపడిన నాన్సీ తాను పరీక్ష చేయించుకున్నారా? దశాబ్దాల పాటు ఆ ప్రశ్నకి జవాబు బయటికి చెప్పలేదు. 2020లో, డెబ్బై దాటాక, తనకీ జబ్బు వచ్చిందని ఒక పత్రికకి చెప్పారు. చూసేవాళ్లకి చాలా ఏళ్లుగా ఆ కదలికలు కనిపిస్తూనే ఉన్నాయి. తన సమయం వచ్చిందనుకున్నప్పుడు ఆమే చెప్పారు. ఈ విషయం నేను తరచూ ఆలోచిస్తుంటాను, ఎందుకంటే నేను ఈ రోజు చెప్పదలుచుకున్నది ఇందులోనే ఉంది. తండ్రి కూతుళ్లకి ప్రమాదం సంగతి చెప్పారు. కూతురు తన ఒంట్లో ఏముందో తెలుసుకోవడం, చెప్పడం తన చేతుల్లో ఉంచుకుంది. ఈ రెండూ వేరు వేరు విషయాలు. మన ఇళ్లలో ఈ రెండిటినీ కలిపేస్తాం.

"ఈ జబ్బు మన వంశంలో ఉంది" అని పిల్లలకి చెప్పడం పెద్దవాళ్ల బాధ్యత. దాన్ని దాచే హక్కు పెద్దవాళ్లకి లేదని నేను గట్టిగా నమ్ముతాను. "నీకు ఉందో లేదో పరీక్ష చేయించుకో" అని అనే హక్కు మాత్రం ఎవరికీ లేదు. అమ్మానాన్నలకి లేదు, కట్టుకున్నవాళ్లకి లేదు, కాబోయే అత్తమామలకి లేదు, ఉద్యోగం ఇచ్చేవాళ్లకి లేదు. ప్రమాదంలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది, పరీక్ష అందుబాటులో ఉన్న దేశాల్లో కూడా, చేయించుకోరు. అది పిరికితనం అనుకోకండి. నయం చేసే మందు లేని జబ్బు నలభై ఏళ్లకి వస్తుందని ఇరవై ఏళ్లకే తెలుసుకుని బతకడం అందరి వల్లా కాదు.

లేదని తేలినవాళ్లకైనా అంతా హాయిగా ఉండదు. తమ్ముడికి ఉందని, తనకి లేదని తెలిసిన అక్క ఏడుస్తుంది. నేను తప్పించుకున్నాను అనే బరువు ఉంటుంది. ఇన్నాళ్లూ నాకు వస్తుందని పెళ్లి మానుకున్నాను, ఇప్పుడేం చేయను అనే బాధ ఉంటుంది. అందుకే ఈ పరీక్షకి ముందు రెండు మూడు సార్లు కూర్చుని మాట్లాడాలి. ఫలితం ఫోన్లో చెప్పకూడదు, వాట్సాప్‌లో పంపకూడదు. తోడుగా ఒకరితో వచ్చి తెలుసుకోవాలి. పద్దెనిమిదేళ్లు నిండని, లక్షణాలు లేని పిల్లలకి ఈ పరీక్ష చేయరు. అమ్మానాన్నలు ఎంత బతిమాలినా చేయకూడదు. పెద్దయ్యాక వద్దనుకునే హక్కు ఆ బిడ్డది.

ఇంకో చిక్కు ఉంది. తాతకి జబ్బు. కొడుకు నాకు తెలుసుకోవాలని లేదు అన్నాడు. మనవడు పరీక్ష చేయించుకున్నాడు, ఉందని తేలింది. అంటే కొడుక్కీ ఉన్నట్టే. ఒకరి రక్తంతో ఇంకొకరి రహస్యం బయటపడిపోయింది. ఇలాంటప్పుడు మేము ముందుగానే మనవడితో మాట్లాడతాం. మీ నాన్నకి ఎలా చెప్తావు, అసలు చెప్తావా, నీ ముఖం చూసి ఆయన కనిపెట్టడా అని. సమాధానం తేలిగ్గా రాదు. కానీ ఆ ప్రశ్న ముందే అడగాలి.

ఇప్పుడు అన్నిటికంటే నాకు బాధ కలిగించే విషయానికి వస్తాను. కోడలు.

రహస్యం ఎక్కువ దెబ్బ తీసేది ఆ ఇంటి రక్తం లేని మనిషిని. పెళ్లై వస్తుంది. ఏడెనిమిదేళ్లకి భర్త మారతాడు. చేయి చేసుకుంటాడు, అనుమానిస్తాడు, ఉద్యోగం పోగొట్టుకుంటాడు. ఇంట్లో ఏమంటారు? "ఈవిడ అడుగుపెట్టాకే వాడికిలా అయింది." ఆ మాట అనే అత్తగారికి, మామగారు ఎలా పోయారో తెలుసు. కోడలికి తెలియదు. ఆమె తనలో తప్పేముందో వెతుక్కుంటూ ఉపవాసాలుంటుంది, గుళ్ల చుట్టూ తిరుగుతుంది. చివరికి న్యూరాలజిస్ట్ గదిలో "మీవారి ఇంట్లో ఎవరికైనా ఇలా ఉండేదా" అని డాక్టర్ అడిగినప్పుడు, పక్కన కూర్చున్న అత్తగారు తల వంచుకుంటారు. ఆ క్షణంలో కోడలికి మొత్తం అర్థమవుతుంది. అప్పటికే ఇద్దరు పిల్లలు. ఆ తర్వాత పదిహేనేళ్లు ఆ మనిషికి అన్నం కలిపి పెట్టేది, పక్క మార్చేది ఆమే.

అయినా ఆ అత్తగారి మీద కోపం తెచ్చుకుని ఊరుకుంటే సరిపోదు. ఆవిడా ఒకప్పుడు కోడలే. ఆవిడకీ ఎవరూ చెప్పలేదు. భర్తకి చేసింది, పోగొట్టుకుంది, తర్వాత కొడుకు ముఖం చూస్తూ ముప్పై ఏళ్లు భయపడుతూ బతికింది. మాట బయటికొస్తే కూతురి పెళ్లి ఆగిపోతుందనుకుంది. వాడికి రాదేమో అని దేవుడికి మొక్కుకుంది. సగం అవకాశం అంటే రాకపోవడానికీ సగం అవకాశమే కదా. ఆ సగాన్ని పట్టుకుని బతికింది. అలాంటి మనిషిని నేరస్థురాలిగా చూడటం నా వల్ల కాదు. కానీ ఆ రహస్యం వల్ల కోడలికి జరిగిన అన్యాయం అన్యాయమే. ఈ ఇద్దరు ఆడవాళ్లనీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒకరి మాట ఒకరు వినేలా చేయడం మా పనిలో అన్నిటికంటే కష్టమైనది. కుదిరినప్పుడు ఆ ఇల్లు నిలబడుతుంది. కుదరని ఇళ్లూ చూశాను.

చట్టం ఏమంటుందని అడుగుతారు. బ్రిటన్‌లో ఒక కేసు ఉంది. 2007లో ఒకతను తన భార్యను కాల్చి చంపాడు. మానసిక స్థితి సరిగా లేదని కోర్టు గుర్తించి ఆసుపత్రిలో ఉంచింది. 2009లో అతనికి హంటింగ్టన్ అని తేలింది. ఆ సమయంలో అతని కూతురు గర్భవతి. కూతురికి చెప్దామని డాక్టర్లు అంటే అతను ఒప్పుకోలేదు. కడుపు తీయించుకుంటుందేమో, ప్రాణం తీసుకుంటుందేమో అని అతని భయం. 2010లో బిడ్డ పుట్టింది. కొన్ని నెలలకి ఒక డాక్టర్ నోటి నుంచి పొరపాటున విషయం బయటికొచ్చింది. తర్వాత పరీక్షలో ఆమెకీ ఉందని తేలింది. నాకెందుకు చెప్పలేదని ఆమె ఆసుపత్రుల మీద కేసు వేసింది. కోర్టు ఆమె పేరు బయటపెట్టలేదు, తీర్పులో ఏబీసీ అనే రాశారు. 2020లో తీర్పు వచ్చింది. ఆమె ఓడిపోయింది. అయితే తండ్రి రహస్యంతో పాటు కూతురికి తెలియాల్సిన అవసరాన్ని కూడా డాక్టర్లు తూచి చూడాలి, అది వాళ్ల మీద ఉన్న చట్టపరమైన బాధ్యతే అని కోర్టు చెప్పింది. తల్లిని తండ్రే చంపాడన్న దుఃఖంలో ఉన్న మనిషికి, ఆ తండ్రి అలా ఎందుకు మారాడో తెలిస్తే కాస్త ఊరటగా ఉండేదేమో. రహస్యం ఆ ఊరటను కూడా ఆమెకి అందనివ్వలేదు.

మన సుప్రీంకోర్టు 1998లో ఒక హెచ్‌ఐవీ కేసులో, రోగి గోప్యతకి హద్దులున్నాయని, పెళ్లాడబోయే అమ్మాయి ఆరోగ్యానికీ హక్కు ఉందని అంది. అది అంటుజబ్బు, ఇది వంశంలో దిగేది. రెండూ ఒకటి కావు. ఏదేమైనా కోర్టు దాకా వెళ్లేసరికి ఇంట్లో మిగిలేది ఏమీ ఉండదు. అందుకే చెప్పాల్సింది డాక్టర్ కాదు, ఇంటివాళ్లే అని నా అభిప్రాయం.

ఎలా చెప్పాలి? ఒకేసారి కూర్చోబెట్టి అంతా చెప్పేయాలనుకోకండి. ఎనిమిదేళ్ల పిల్ల "తాతయ్య ఎందుకు అలా ఊగుతున్నాడు" అంటే, "తాతయ్య మెదడులో ఒక జబ్బుంది, కావాలని చేయట్లేదు" అనండి. ఆ వయసుకి అది చాలు, అబద్ధం కూడా లేదు. పన్నెండు, పదమూడేళ్లకి జబ్బు పేరు చెప్పండి. ఇది ఇంట్లో వాళ్లకి వచ్చే జబ్బా అని వాళ్లే అడుగుతారు, ఈ రోజుల్లో ఫోన్లో వెతుక్కుంటారు కూడా. అడిగినప్పుడు అవునని చెప్పండి. పెద్దయ్యాక, పెళ్లి మాటలు మొదలవకముందే, సగం అవకాశం సంగతి, పరీక్ష సంగతి, వద్దనుకునే స్వేచ్ఛ సంగతి చెప్పండి. శుభలేఖలు అచ్చయ్యాక చెప్పకండి. ఏదో ఫంక్షన్లో బాబాయి కొడుకు నోటి నుంచి విననివ్వకండి. నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది జబ్బు గురించి కన్నా, "అమ్మకి తెలుసట, నాకే చెప్పలేదు" అన్నదాని గురించే ఎక్కువసేపు మాట్లాడతారు.

2017 మేలో పోప్ ఫ్రాన్సిస్ వాటికన్‌లో ఈ జబ్బున్న కుటుంబాలను కలిశారు. ఆ వెనిజులా సరస్సు ఒడ్డు నుంచి కూడా వచ్చారు. "ఇక దాచేది లేదు" అని ఆ సభకి పేరు. వాళ్ల రక్తంతోనే లోకానికి ఈ జన్యువు దొరికింది. వాళ్లు మాత్రం ఇప్పటికీ పేదరికంలోనే ఉన్నారు. ఆ అప్పు మనందరి మీదా ఉంది. తెలుగు ఇంటి నుంచి ఒక అమ్మాయి వచ్చి రక్తం ఇచ్చి తెలుసుకుంటుందంటే, అందులో ఆ పల్లెలవాళ్ల వంతు ఉంది.

ప్రశ్నలుంటే అడగండి.

వెనక వరసలో ఒక అమ్మ అడుగుతున్నారు, సంబంధం మాట్లాడేటప్పుడు అవతలివాళ్లకి చెప్పాలా అని. చెప్పాలమ్మా. కానీ మొదటి రోజు మధ్యవర్తి ముందు, పదిమందిలో కాదు. అబ్బాయీ అమ్మాయీ ఒకరికొకరు నచ్చాక, తాంబూలాలకి ముందు, ఆ ఇద్దరి మధ్యే మాట జరగాలి. చెప్పాల్సింది ప్రమాదం ఉన్న బిడ్డే, మీరు కాదు. కొన్ని సంబంధాలు పోతాయి, ఆ మాట నిజమే. చెప్పాక కూడా నిలబడినవి ఉన్నాయి. పిల్లల విషయంలో ఇప్పుడు దారులున్నాయి. ల్యాబ్‌లో పిండాన్ని పరీక్షించి, లోపం లేనిదాన్నే గర్భంలో పెట్టే పద్ధతి ఉంది. ఖర్చు ఎక్కువ. తనకుందో లేదో తెలుసుకోకుండానే ఆ దారిలో వెళ్లే వీలు కూడా ఉంది, అది కౌన్సెలర్‌తో విడిగా మాట్లాడాలి.

ఇంకొకాయన, పరీక్ష ఎక్కడ చేస్తారని. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరీక్షల, పరిశోధన కేంద్రం ఉంది. మెదడు, మనసు జబ్బులు చూసే బెంగళూరు నిమ్హాన్స్‌లో ఈ జబ్బు మీద చాలా ఏళ్ల అనుభవం ఉంది. ప్రైవేటు ల్యాబులూ చేస్తాయి, కానీ కౌన్సెలింగ్ లేకుండా రిపోర్టు చేతిలో పెట్టే చోటికి వెళ్లకండి. వెళ్లేముందు ఒక కాగితం మీద ఇంట్లో ఎవరెవరికి ఎన్నో ఏట ఎలా మొదలైందో, ఎన్నో ఏట పోయారో రాసుకోండి. పాత రిపోర్టులు, స్కానింగ్ ఫిల్ములు ఉంటే పట్టుకెళ్లండి. ఇంట్లో పెద్దావిడ ఎవరైనా ఉంటే ఆవిడ్ని కూర్చోబెట్టుకుని రాయండి. పేర్లు, వయసులు ఆవిడకే బాగా గుర్తుంటాయి.